ఉత్తరం గోడ మీద పిడకలు

తాడేపల్లిగూడెం నుంచి పెదవేగికి నేను కాపురానికొచ్చిన ఏడాదే, గాలివానకి మా ఇంటి మట్టిగోడ కరిగి కూలిపోయింది. మిగిలిన ఒక్క గదిలో అత్తగారు, మా ఆయన, నేను. మేమిద్దరం నాలుగు మాటలు చెప్పుకోవాలంటే గడ్డిమేటు చాటుకి పోవాల్సిందే. అందుకే ఉత్తరం పక్కన మాకంటూ ఒక గది లేపుతుంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇటుకలు కొన్నవి కావు. మా ఊరు ఒకప్పుడు వేంగి రాజుల పట్నమట. ఇప్పుడు మిగిలింది ఊరి పక్కన దిబ్బ. గునపం వేస్తే చాలు, మూరెడు పొడుగు ఇటుకలు బయటపడతాయి. ఊళ్ళో సగం ఇళ్ళు వాటితో నిలబడ్డవే. మా గోడ నడుమెత్తు లేచిందో లేదో, ఏలూరు నుంచి పాత కట్టడాలు కాపాడే ఆఫీసరుగారు వస్తున్నారని, దిబ్బ ఇటుక కనిపిస్తే గోడ పీకించేస్తారని కబురొచ్చింది.

"ఇంక గదీ లేదు, గిదీ లేదు" అని మా ఆయన అరుగు మీద కూలబడ్డారు. నాకు ఏడుపొచ్చేసింది.

అత్తగారు మాత్రం కొంగు బిగించారు. "ఏడుపాపి పేడతట్ట పట్రావే అమ్మాయ్. గోడంతా పిడకలు కొట్టేద్దాం. పిడక కింద ఏవుందో ఏ ఆఫీసరు చూస్తాడు?"

ఇద్దరం పోటీపడి కొట్టాం. "అది పిడకా, అప్పడమా?" అని ఆవిడ, "మీది దిబ్బరొట్టె అత్తయ్యా!" అని నేను.

ఆఫీసరుగారు గొడుగేసుకొచ్చి గోడ ముందు ఆగిపోయారు. "నేనూ పల్లెటూరివాణ్ణేనమ్మా. ఎండ మొహం చూడని ఉత్తరం గోడకి పిడకలు కొట్టడం ఇదే చూడటం."

అత్తగారు తడుముకోలేదు. "నీడన ఆరితే బాగా మండుతాయండీ."

ఆ మాట పూర్తయిందో లేదో, ఒక పచ్చి పిడక జారి ఆయన బూటు పక్కన చప్పున పడింది. దాని వెనక ఎర్రటి ఇటుక! నోట్లో కొంగు కుక్కుకున్నా నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వేశారు.

మా ఆయన చేతులు కట్టుకుని, "మా మట్టిగోడ కరిగిపోయిందండీ. ఈ ఇటుక కరగదండీ" అన్నారు.

ఆఫీసరుగారు కూర్చుని ఆ ఇటుకని అరచేత్తో నిమిరారు. టేపు పెట్టి కొలిచి రాసుకున్నారు. "ఇళ్ళు పీకించడం నా పని కాదు. పెట్టింది ఉంచుకోండి. ఇక దిబ్బ మీద గునపం మాత్రం వెయ్యకండి. మీ గోడ లేచినంత మేరా ఆ పాత ఊరు పోతోంది బాబూ."

దిబ్బ జోలికి పోమని ఆయనకి మాటిచ్చాం కదా, పై సగం మట్టితోనే పెట్టి తాటాకు కప్పాం. నడుం దాకా రాజులది, పైన మాది. మళ్ళీ గాలివానొస్తే మా సగమే పోతుంది. పోతే మళ్ళీ పెట్టుకుంటాం!

మట్టి తడారకముందే మంచం లోపలికి లాగేశాం.

"ఆరనివ్వండే, జలుబు చేస్తుంది!" అని అత్తగారు వాకిట్లోంచి కేకేశారు.

"చెయ్యనివ్వండి అత్తయ్యా!" అంటూ నేను తడక మూసేశాను.