పలకని రాయికి కట్టిన వించ్

మేము ఆ బడి ముందు దిగేసరికి మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. వాన పడుతూనే ఉంది. సికింద్రాబాద్ నుంచి బయలుదేరి ఆరు గంటలైంది. తిరుమలగిరి దాటాక మూడు చోట్ల రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. బడికి సెలవులిచ్చారు. ఒక తరగతి గది మాకు, ఇంకొకటి మా సామానుకు. బెంచీలు గోడకు జరిపి, టార్పాలిన్ పరిచి, తడిసిన బూట్లు వరసగా పెట్టాం.

నలుగురు సైనికులం. మా పెద్ద హవల్దార్‌ది హర్యానా, మాకు ఆయన ఉస్తాద్. జీపు డ్రైవర్ తమిళుడు. రేడియో ఆపరేటర్‌ది ఒడిశా. నేను మెకానిక్‌ని. దిగబడ్డ బండ్లను బయటికి లాగడం నా పని. మాది పాలమూరు దిక్కు కొత్తకోట కాబట్టి యూనిట్‌లో నా పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ నేను కొత్తకోటనే.

ఆర్డర్ చిన్నది. వాగుల మీద కాజ్‌వేలు, అంటే నీళ్లు పైనుంచి పారేలా వేసిన కాంక్రీటు దారులు, తిరిగి చూడాలి, ఇరుక్కున్న మనుషుల్ని బయటికి తేవాలి, నీళ్లు తగ్గేదాకా ఉండాలి. అది పదకొండు రోజులు పట్టింది.

ఊళ్లో వాళ్లు నన్ను సరిహద్దు మంచు గురించి అడుగుతారు. చలి ఎంత, తుపాకీ ఎన్నిసార్లు పేల్చావు అని. అక్కడా రెండున్నరేళ్లు ఉన్నాను, చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ నా సర్వీసంతటిలో నన్ను నిజంగా భయపెట్టిన డ్యూటీ మన నల్గొండ జిల్లాలో, మన భాష మాట్లాడే మనుషుల మధ్య చేసిందే. మొన్న ఇమ్రాన్ అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ఇమ్రాన్ షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఆదివారం వస్తే జీపేసుకుని గుట్టలెక్కే పిచ్చి. హైవే పక్కనున్న నా వర్క్‌షాపుకొచ్చి ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాడు.

"అన్నా, గీ రెండు వించ్‌లల్ల ఏది నమ్మొచ్చు? ఒక్క మాట చెప్పు, పోతా."

ఒక్క మాటలో చెప్పి పంపడం నాకు చేతకాని పని. చాయ్ తెప్పించి కూర్చోబెట్టాను.

వించ్ అంటే తెలియనివాళ్లకు చెప్తున్నాను. జీపు ముందు బంపర్‌లో బిగించే మోటరు, దానికో డ్రమ్ము, డ్రమ్ము మీద చుట్టిన తాడు. తాడు కొస ఎక్కడైనా కట్టి మోటరు తిప్పితే లాగుతుంది. అంతే. ఆ వానలకు బయలుదేరే ముందు స్టోర్‌లో నా ముందు రెండు వించ్‌లు పెట్టి ఉస్తాద్ "నువ్వే ఏరుకో" అన్నాడు. ఒకటి కొత్తది. పేరు రేకు మీద పెద్ద అంకె, ఆరు టన్నులు లాగుతుందని. ఉక్కు తాడు. రెండోది నాలుగున్నర టన్నులది, రంగు పోయింది, నెమ్మది. దానికి ఉక్కు తాడు బదులు నైలాన్ లాంటి తేలికపాటి తాడు.

నేను రెండింటినీ నీళ్ల తొట్టిలో ఒక పూట ముంచి ఉంచాను. ఉస్తాద్ నవ్వాడు. "పెళ్లికూతురికి స్నానం చేయిస్తున్నావా, కొత్తకోటా?" సాయంత్రం తీసి తిప్పి చూస్తే ఆరు టన్నుల మహారాజు గుర్రుమని ఆగిపోయాడు, లోపలికి నీళ్లు పోయాయి. పైగా దాని క్లచ్ పట్టేసింది, తాడు చేత్తో లాగితే రాలేదు. పాతది ఏమీ ఎరగనట్టు తిరిగింది. రేకు మీది అంకె డ్రమ్ము మీద తాడు ఒక్క వరస మిగిలినప్పటి మాట, వరస మీద వరస పడేకొద్దీ బలం తగ్గుతుంది. ఇక తాడు. ఉక్కు తాడు తెగితే మనిషిని కోసేస్తుంది, నీళ్లలో మునిగిపోతుంది. ఇది తేలుతుంది, నడుముకు కట్టుకుని ఒక్కడు ఈదగలడు. పాతదే బిగించాను. ఆ ఎంపికలో నాది తప్పని ఈ రోజుకీ ఎవరూ అనలేరు.

తప్పు వేరే చోట చేశాను.

మూడో రోజు. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు రేడియో పలికింది. బడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో కాజ్‌వే మీద ట్రాక్టర్ ఇరుక్కుంది, ట్రాలీలో మనుషులున్నారు. మూడు ముప్పైకి అక్కడున్నాం.

పైన చెరువు నిండి మత్తడి దుంకుతోంది. ఎర్రటి నీళ్లు కాజ్‌వే మీదుగా అడ్డంగా పోతున్నాయి. ట్రాక్టర్ ముందు చక్రం ఒకటి కాంక్రీటు అంచు దిగిపోయింది, ఇంజన్ ఆగింది. మా గట్టుకు ముప్పై అయిదు అడుగులు. ట్రాలీలో పది మంది, ట్రాక్టర్ మీద ఒకడు. నీళ్లు ట్రాలీ అడుగుపలకను తాకుతున్నాయి.

గట్టు మీద ఒకావిడ గడ్డపార పట్టుకుని నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. పేరు లచ్చమ్మ. వాళ్లంతా పాలమూరు నుంచి బావులు తవ్వడానికి, బండలు కొట్టడానికి వచ్చిన ముఠా, పని ఆగిపోయి ఇంటికి మళ్లారు. నీళ్లలో బండి పోవాలంటే ఒకరు ముందు గడ్డపారతో పొడుచుకుంటూ దారి చూడాలి, అది వాళ్ల పద్ధతి. ఆవిడ దారి చూసుకుంటూ ఇవతలికి చేరింది. వెనక బండి జారింది.

"బండి మీదున్నోడు నా కొడుకు సారూ. అంజి. ఆళ్లంత మావోళ్లే."

రేడియో ఆపరేటర్ పడవ అడిగాడు. అవతలి నుంచి జవాబు వచ్చింది.

"పడవ రెండు గంటలు. ఓవర్."

నేను గట్టు రాయి మీద గీత గీశాను. పది నిమిషాల్లో గీత మునిగింది. రెండు గంటలు లేవు.

జీపు గట్టు మీద నిలిపాం. నడుముకు తాడు కట్టుకుని, ఎగువ వైపు నుంచి, కాజ్‌వే రాళ్లు పట్టుకుంటూ నేను పోయాను. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. అంజి చెయ్యిచ్చి లాగాడు. పాతికేళ్ల వాడు, దవడలు కొట్టుకుంటున్నాయి. ట్రాక్టర్ కొండీకి గిరక తగిలించి, తాడు దాని మీదుగా తిప్పి, మళ్లీ జీపుకే తెచ్చి కట్టాను. అట్లా చేస్తే బలం రెట్టింపు, వేగం సగం.

ఇక జీపును వెనక నుంచి దేనికైనా కట్టాలి. లేకపోతే ట్రాక్టర్ రాదు, జీపే నీళ్లలోకి పోతుంది. చెట్టు లేదు. రోడ్డు పక్కన మనిషెత్తు రాతి గుండు ఉంది. కంటితో లెక్క వేశాను. ఏడు టన్నులకు తక్కువుండదు. గొలుసు దానికి చుట్టమన్నాను.

లచ్చమ్మ వచ్చి గడ్డపారతో గుండును ఒక్క దెబ్బ వేసింది. ఖంగుమంది.

"ఇది పలుకుతాంది సారూ. నిలువది."

"పక్కకు జరుగమ్మా. టైం లేదు" అన్నాను.

నాలుగు గంటల ఐదు నిమిషాలకు మీట నొక్కాను. తాడు బిగిసింది. ట్రాక్టర్ అడుగు కదిలింది. మా డ్రైవర్ అప్పుడే "వచ్చేస్తోంది" అని అరిచాడు. ఆ అరుపు పూర్తి కాకముందే వెనక నుంచి గరగర వినబడింది. గుండు దొర్లింది. గొలుసు పైకి జారి వదులైంది. జీపు చక్రాలు బిగిసి ఉండగానే నీళ్ల వైపు రెండడుగులు జారింది. తాడు ఒక్కసారి వదులై, మళ్లీ బిగిసింది. ట్రాలీ పక్కకు వంగింది. ఒకామె కాళ్లు ట్రాలీ బయట వేలాడాయి. వెనకున్న ఇద్దరు ఆమె రెక్క పట్టి లోపలికి గుంజారు.

ఉస్తాద్ జీపు చక్రాల కింద దుంగ తోశాడు. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.  పదహారేళ్ల సర్వీసులో నేను అంత భయపడడం అదే మొదలు.

లచ్చమ్మ నా ముందుకొచ్చింది.

"ఏ ఊరు సారూ నీది?"

"కొత్తకోట."

"కొత్తకోటోనివై ఉండి గుండును నమ్మినవా? మన దిక్కు పరుపు బండ మీద గుండు కూసుంటదే గని పాతుకోదు. నీకు ఎరుకలేదా?"

ఎరుకే. చిన్నప్పుడు అట్లాంటి గుండ్లను ఇద్దరం పిల్లలం కాళ్లతో తన్ని ఊపేవాళ్లం. టన్నులు లెక్కపెట్టడం నేర్చుకున్నాక అది మరిచిపోయాను. సిగ్గుతో తల పైకి లేవలేదు.

"మరేం చెయ్యాలమ్మా?" అన్నాను.

ఆవిడ నోట అప్పుడు 'సారూ' పోయి 'బిడ్డా' వచ్చింది.

"నా ఎంబడి రా బిడ్డా."

జీపు వెనక ఇరవై అడుగుల దూరంలో నేలకు సమంగా నల్లగా ఉన్న బండ చూపించింది. అది ఉన్నట్టే నాకు తెలియలేదు, పైన అరంగుళం బురద. గడ్డపారతో కొట్టింది. మెత్తని చప్పుడు, మట్టిని కొట్టినట్టు.

"ఇది పలకది. పలకకపోతే నేలతోని కలిసున్నట్టు." కాలితో బురద నెట్టింది. బండలో వరసగా తూట్లు, ఒక్కొక్కటి బొటనవేలికంటే కాస్త లావు. "మేం కొట్టినయే. రెండేండ్ల కింద ఈడ బండ పగులగొడుదమని తూట్లు ఏసినం. పేలుడు మందు పెట్టకముందే కంట్రాక్టరు పని బందు పెట్టిండు. మూరెడు లోతుంటయి."

తన గడ్డపార ఒక తూట్లో దింపింది. దానికోసమే చేసినట్టు దిగింది. జీపులో ఉన్న మా గడ్డపార రెండో దాంట్లో, గుడారం ఇనుప మేకు మూడో దాంట్లో. గొలుసు మూడింటికీ చుట్టాను. పైన కట్టబోతే నా చెయ్యి పట్టుకుని కిందికి నెట్టింది. "బండను ఆనించి కట్టు. పైకి కడితే వంగుతది." సైన్యం నాకు నేర్పిన పాఠం కూడా అదే. ఆవిడ ఏ బడిలో నేర్చుకుందో అడగలేదు.

నాలుగు ఇరవై అయిదు. నీళ్లు ట్రాలీ పలక మీదికి వచ్చాయి.

నలభై సెకన్లు లాగాను. ఆపాను. మోటరు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఎంత మంచి వించ్ అయినా ఆపకుండా లాగితే మాడిపోతుంది. రెండు నిమిషాలు ఆగాలి. ఇంజన్ నడుస్తూనే ఉండాలి, లేకపోతే బ్యాటరీ చస్తుంది. ఆ రెండు నిమిషాలంత పొడుగు కాలం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ట్రాలీ నుంచి కేకలు వేస్తున్నారు. ఎందుకు ఆపినవని, సచ్చిపోతమని. అంజి అమ్మను పిలుస్తున్నాడు.

లచ్చమ్మ పలకలేదు. బండ మీద బోర్లా పడుకుంది. చెంప రాయికి ఆనించి, అరచెయ్యి గడ్డపారల మొదట్లో పెట్టి. చెవి రాయి మీద, కళ్లు గొలుసు మీద. ఇనుము కదిలితే ఆవిడ చేతికే ముందు తెలుస్తుంది. గొలుసు తెగితే ముందు ఆవిడకే తగులుతుంది. లెమ్మని ఉస్తాద్ రెండుసార్లు అరిచాడు. వినిపించుకోలేదు. రెండో చెయ్యి ఎత్తి ఊపింది.

"గుంజు బిడ్డా. నిలిచింది."

లాగాను. ఆపాను. మళ్లీ చెయ్యి లేచింది. మళ్లీ లాగాను. ఆరుసార్లు. ఆరోసారి ట్రాక్టర్ ముందు చక్రం అంచెక్కి కాంక్రీటు మీద పడింది. ఎనిమిదోసారికి ట్రాలీ గట్టెక్కింది. నాలుగు యాభై రెండు. తలలు లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు మంది. ఉస్తాద్ రేడియో అందుకుని "పడవ వద్దు" అని ఒక్క ముక్క చెప్పి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వాన కదా అన్నాడు.

లచ్చమ్మ గడ్డపార వంగి తూట్లో పట్టేసింది. నలుగురం గుంజినా రాలేదు. గడ్డపార లేని బావి మనిషికి పని లేదు. ఉస్తాద్ మా గడ్డపార తీసి ట్రాలీలో పెట్టాడు. ఆవిడ దాన్ని చేత్తో బరువు చూసింది.

"మా దానికంటె జర తేలిక. ఫికర్ లేదు, నడుస్తది."

వాళ్లు పోయేముందు, మనసులో తొలుస్తున్నది అడిగేశాను.

"అంజి అంతగనం పిలుస్తుంటే ఒక్కపారన్న ఆ దిక్కు సూడలేదేందమ్మా?"

"ఆడ సూస్తే నేనేం జేస్త బిడ్డా? వాణ్ణి పట్టుకున్నది ఈడ గదా."

పదకొండో రోజు ఉదయం ఏడింటికి బడి ఖాళీ చేశాం. బెంచీలు మళ్లీ వరసలో వేశాం. తర్వాత రెండేళ్లకు సర్వీసు ముగించుకుని కొత్తకోట వచ్చాను.

ఇమ్రాన్‌కు ఇదంతా చెప్పి ఏ వించ్ కొనాలో కూడా చెప్పాను. సామానుతో సహా జీపు బరువెంతో దానికి ఒకటిన్నర రెట్లు లాగేది చాలు. తేలే తాడు, నీళ్లు దూరని మోటరు, చేత్తో విడిపోయే క్లచ్. కొనేముందు ఒక పూట నీళ్లలో ముంచు, దుకాణదారు ఒప్పుకోకపోతే దుకాణం మార్చు. అతను అన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు. లేచి నిలబడి, "గడ్డపార గూడ పెట్టుకోవాల్నా అన్నా?" అన్నాడు. పెట్టుకో, కట్టే ముందు రాయిని కొట్టి విను అన్నాను.

ఆ కాజ్‌వే దగ్గర ఇప్పుడు వంతెన కట్టారు. పోయిన ఎండాకాలం అటు వెళ్లినప్పుడు బండి ఆపి దిగాను. వంగిన గడ్డపార అలాగే ఉంది, తుప్పు పట్టి. పట్టుకుని ఊపాను. కదల్లేదు.

అది చూస్తే నాకు గుర్తొచ్చేది గడ్డపార కాదు. ఎర్రటి నీళ్లలో కొడుకు అమ్మా అని అరుస్తున్నాడు. ఆ తల్లి అటు తల తిప్పకుండా, వానలో బండకు చెంప ఆనించి పడుకుని, ఒక్క చెయ్యి పైకెత్తి నాకు చెప్తోంది, గుంజు బిడ్డా, నిలిచింది అని.