కూర్చోకూడని బల్ల

ఫోన్లో మా కాలేజీ స్నేహితురాళ్ల గ్రూపుంది. మొన్న అందులో ఎవరో మేమున్న పాత గది ఫొటో పెట్టారు. పెట్టడమే తడవు, పైసా ఖర్చు లేకుండా గదిని ఎంత ముచ్చటగా అమర్చుకున్నారో అని నలుగురు మెచ్చుకుని, ఆ నోటితోనే నాతో గదిలో ఉన్న నేస్తం పొగరు ఎత్తుకున్నారు. కిటికీ కింద బల్ల మీద ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదట, మహారాణి సింహాసనమైనట్టు. ఇన్నేళ్లుగా ఇదే పాట. పొగరు సంగతి నేను చెబుతాను, ఆ గదిలో ఉన్నదాన్ని నేను గనక.

మద్దిలపాలెంలో ఒకరింటి పెరటి గది అది. కిరసనాయిలు డబ్బాకి పాత చీర ముక్క చుట్టి పీట అన్నాం, యాపిల్ పళ్ల చెక్కపెట్టెలు ఒకదాని మీదొకటి పేర్చి అల్మరా అన్నాం. అంతవరకూ సరదాయే, కాదనను. ఆ తరవాత ఒక ఆదివారం నా నేస్తం తండ్రి రిక్షా మీద రెండు తలుపు రెక్కలూ, ఒక గడపా వేసుకుని వచ్చాడు. వాళ్ల ఊరు ఉక్కు ఫ్యాక్టరీకి పోయింది. పొలం దున్నుకునే మనిషి మల్కాపురంలో ఇరుకు గది అద్దెకు తీసుకుని, రేవులో బస్తాలు మోస్తున్నాడు. విప్పేసిన ఇంట్లోంచి ఆయన దక్కించుకున్నవి ఈ మూడే. ఇల్లు కట్టుకోమని కాలనీలో ఇచ్చిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"నాను ఇల్లు కట్టీదాకా మీ కాడ ఉండనీయండమ్మా," అన్నాడు.

రెక్కలని ఇటుకల మీద పరిచి, ఒక్క మేకు కూడా దించకుండా, రాసుకునే బల్ల చేసుకున్నాం. గడపని రెండు రంగు డబ్బాల మీద కిటికీ కింద బల్లలా పెట్టి ఆమె పుస్తకాలు పేర్చింది. శుక్రవారం వస్తే వాటిని దింపి, గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, ఆరాక మళ్లీ పేర్చేది. మా గదికొచ్చిన ప్రతి పిల్లా ఆ పుస్తకాలు పక్కకి నెట్టి సరాసరి దాని మీదే కూర్చోబోయేది.

"లెగు. అది గడప, కూకోకూడదు."

"గోడ లేదు, గుమ్మం లేదు, గడపేమిటే నీకు?" అంది ఒకసారి, ఈ గ్రూపులో ఇప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వుతున్న ఆవిడే.

"ఇల్లవుతాది. అప్పుడు రా, కాళ్లకి నీళ్లిచ్చి లోనకి పిలుత్తాను."

తండ్రి ఆదివారాలు వచ్చి నేల మీద కూర్చుని, గడపని వేళ్లతో తట్టి, చెద పట్టలేదు కదా అని చూసుకునేవాడు. కూతుర్ని చూడ్డానికొచ్చాడా, గడపని చూడ్డానికా అని నేను ఆటపట్టిస్తే, "మా అయ్యకి అదే పెద్ద కూతురు," అనేది.

మరుసటి ఏడు రేవులో బస్తాలు మీద పడి ఆయన నడుం విరిగింది. మనిషి బతికాడు, లేవలేదు. వైద్యానికి కాలనీలో చోటు అమ్మేశారు. చోటే పోయాక ఇల్లెక్కడిది, ఇల్లు లేకుండా తలుపేం చేసుకుంటారు? ఒక శనివారం వాళ్లమ్మ గోపాలపట్నం నుంచి పాత కలప కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. పుస్తకాలన్నీ నా నేస్తమే తీసి నేల మీద పెట్టింది. వాడు రెక్కలు బండికెత్తి, అలుపు తీర్చుకోవడానికి, గడపని వాకిట్లో పడేసి దాని మీదే చతికిలబడి చుట్ట ముట్టించాడు.

నేను నేస్తం వైపు చూశాను. వాళ్లమ్మ మొహం తిప్పుకుంది. చుట్ట మొత్తం కాలేదాకా నేస్తం వాడినే చూస్తూ నిలబడింది. వాడు లేచాక చూస్తే లుంగీకి ముందురోజు పసుపు అంటుకుని ఉంది.

పరీక్షలు రాయకుండానే వెళ్లిపోయింది. గ్రూపులో ఎవరి దగ్గరా ఆమె నంబరు లేదు. పొగరు గుర్తున్నవాళ్లెవరికీ ఆమె ఊరి పేరు గుర్తులేదు, చెప్పినా ఇప్పుడక్కడ ఆ ఊరు లేదు. మా అపార్టుమెంట్లలో కాలికి తగులుతాయని అసలు గడపలే పెట్టడం లేదు, నునుపు రాళ్ల మీద తలుపు చప్పుడు లేకుండా జారుతుంది, ఎవరెక్కడ కూర్చున్నా అడిగేవాళ్లు లేరు.

ఎక్కడైనా కనబడితే ఒక్కటే అడగాలి. మమ్మల్నందర్నీ లేపినదానివి, ఆ రోజు వాణ్ణెందుకు లెగమనలేదే?