చూడటానికి వచ్చినవాళ్లం

మిషన్ బడి టీచరమ్మ లేని రోగులను ఉన్నారని చెప్పి, గుంటూరు నుంచి పెద్ద డాక్టరును రప్పించి ఊరి పరువు తీసిందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో మాట. ఆమె భర్తకు మూర్ఛలు వచ్చేవి. ఆమె దాచలేదు. మూర్ఛ మాత్రలకు గుంటూరు పెద్దాసుపత్రికే పోవాలి, రెండు బస్సులు మారాలి. వాటిని మా ఊరి ఆసుపత్రిలోనే ఇప్పించమని ఏళ్ల తరబడి తిరిగింది. చివరికి అక్కడి పెద్ద డాక్టరు, రోగులను కళ్లారా చూస్తే పంపిస్తానన్నాడు.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మా అన్న మిరపకళ్లంలో పడి కొట్టుకోవడం ఆమె చూసింది. మేం మాత్రం "ఘాటుకు కళ్లు తిరిగాయండీ" అనేవాళ్లం. వీధి చివర దూదేకుల ఆయన కూడా కూతురు పడిపోతే ఘాటే అన్నాడు. వాళ్లకు మిరపతోటే లేదు.

"మీ అన్నను తీసుకురా నాయనా. ఒకరొస్తే మిగతావాళ్లూ వస్తారు," అంది టీచరమ్మ నాతో.

జబ్బు బయటపడితే అన్నను పనికెవరు పిలుస్తారు? అయినా లాభం లేకుండా ఈమెందుకు తిరుగుతోంది? మతంలో కలుపుకోవడానికేనన్నాడు నాన్న. భర్తకు ఆసుపత్రిలో ఉద్యోగం కోసమన్నాను నేను. ఆ మాట ఊరంతా తిప్పిందీ నేనే.

డాక్టరు వచ్చిన రోజు ఆసుపత్రి వరండా జనంతో నిండిపోయింది. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మూర్ఛ ఎవరెవరికి?" అన్నాడు డాక్టరు.

ఆమె భర్త ఒక్కడే ముందుకొచ్చాడు.

"నేను ఊరికే చూడ్డానికొచ్చానండీ," అన్నాడు దూదేకుల ఆయన.

"నేనూ అంతేనండీ," అని వెనక నుంచి ఒకడు.

"నువ్వెందుకొచ్చావురా మరి?"

"నువ్వెందుకొచ్చావో చూద్దామనిరా!"

అందరూ నవ్వారు. ప్రతివాడూ తన రోగిని ఇంట్లోనే కూర్చోబెట్టి, పక్కింటి రోగి వస్తాడేమో చూడటానికి వచ్చాడు.

మా అన్న మాత్రం వద్దన్నా నా వెంట వచ్చాడు. "ఈయనొక్కడేనా?" అని డాక్టరు అడిగేసరికి, నా పక్కన అన్న చెయ్యి లేచింది. మణికట్టు పట్టి కిందికి లాగాను. జనం అడ్డంగా ఉండి డాక్టరుకు కనబడలేదు. టీచరమ్మ చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. ఆమె తల దించుకుంది, చెప్పలేదు.

డాక్టరు జీపెక్కాడు. మాత్రలు రాలేదు.

ఇంటికి వస్తుంటే అన్న అన్నాడు: "ఇంకా వదలవేందిరా? వణికేది నీ చెయ్యి, నాది కాదు. ఆ మాత్రలేవో ముందు నీకే వెయ్యాలి."

ఆ ఏడు కోతలప్పుడు మళ్లీ కళ్లంలో పడ్డాడు. చుట్టూ చేరినవాళ్లకు ఘాటుకేనని చెప్పింది నేనే.