మా ఇంటిల్లిపాదికీ ‘ఆగు’ నేర్పిన టీచర్

నిన్న పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఆ ఘాటుకు ఒకటే తుమ్ములు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంటే కరుణమ్మ టీచర్ గుర్తొచ్చారు. ప్రత్తిపాడులో వాళ్లది మా పక్కిల్లు. మా నాన్నకు అఆలు దిద్దించింది ఆవిడే. ఆదివారాలు తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేవారు, మిగతా రోజులు గోడ అవతల నుంచి మా ఇంటి గొడవలన్నీ వినేవారు. వినక ఏం చేస్తారు పాపం, మా ఇంట్లో ఉప్పు అందించమన్నా బజారంతా వినిపించేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా కుక్క జాకీ పెద్ద తంటా తెచ్చిపెట్టింది. ఇంటి వెనక కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తే, రోజూ వాటి మీద పడి పరుగెత్తేది. ఎండిన కాయలు చితికి గింజలు రాలిపోయేవి. “ఇంకోసారి కాయల మీద కాలు పెట్టిందా, చీమకుర్తి లారీ ఎక్కించేస్తా. ఆ క్వారీల్లోనే పడుంటుంది!” అని నాన్న తేల్చేశాడు. నాకు అన్నం సయించలేదు. జాకీ అంటే నాకు ప్రాణం మరి.

నా ఏడుపు విని టీచర్‌గారు వచ్చారు. “సుబ్బారావూ, లారీ సంగతి తర్వాత. ముందు అందరూ దాన్ని ఎట్లా ఆపుతారో చూడనీ” అన్నారు నాన్నతో. జాకీ కళ్లం వైపు కదలగానే నాన్న “ఏయ్! ఛీ! పో!” అని అరిచాడు. అమ్మ “వద్దమ్మా, ఇటు రామ్మా” అంది. నేను ఇంగ్లీషులో “స్టాప్” అన్నాను. కళ్లం అవతల కాపలా కూర్చుని పెరుగన్నం తింటున్న నాన్నమ్మ మాత్రం “పిచ్చిముండ, ఆకలేసిందేమో” అంటూ ఒక ముద్ద విసిరింది. జాకీ కాయలు తొక్కుకుంటూ వెళ్లి తినేసింది.

టీచర్‌గారు నవ్వు ఆపుకోలేకపోయారు. “దానికి బాగానే నేర్పారమ్మా! కాయలు దాటితే ముద్ద పెడతారని దానికి వచ్చేసింది. ఇక నేర్చుకోవాల్సింది మీరే.”

ఆ సాయంత్రం నుంచి మాకు బడి మొదలైంది. అందరిదీ ఒకే మాట, ‘ఆగు’. ఆగితేనే ముద్ద, అదీ ఇవతలి గట్టు మీదే. “నోటి దగ్గర ముద్ద దానికి పెట్టకుండా ఎట్లా తినేదే!” అని నాన్నమ్మ గింజుకుంది కానీ, గిన్నె పట్టుకుని ఇవతలికొచ్చి కూర్చుంది. అసలు చిక్కు నాన్నతోనే. ఆయన ‘ఆగు’ అంటే జాకీ వణికిపోయి మంచం కిందికి దూరేది.

“అరిస్తే దానికి నీ కోపమే వినపడుద్ది అబ్బాయ్, మాట వినపడదు. నీకు అక్షరాలు నేర్పేటప్పుడు నేనెప్పుడన్నా అరిచానా?” అన్నారు టీచర్‌గారు.

నాన్న తలొంచుకున్నాడు. “లేదండీ” అన్నాడు.

ఓ మధ్యాహ్నం జాకీ కోడిని తరుముతూ నేరుగా కళ్లం మీదికి పోతోంది. గట్టు మీదున్న నాన్న నోరు తెరిచి, ఒక్క క్షణం తమాయించుకుని, “జాకీ, ఆగు” అన్నాడు మెల్లగా. ఆగింది! వెనక్కి తిరిగొచ్చి ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టింది. నాన్న దాని మెడ నిమురుతూ “లారీ వెళ్లిపోయిందిలెండి టీచర్‌గారూ” అని గోడ వైపు చూసి అన్నాడు. నేను ఏడుస్తూనే నవ్వాను.

ఇప్పుడు టీచర్‌గారూ లేరు, జాకీ కూడా లేదు. జాకీ ‘ఆగు’ నేర్చుకున్న ఆ వేసవిలోనే ఓ రోజు నా చేతిలోంచి ఊరగాయ జాడీ జారి ముక్కలైంది. కేక పడుతుందని కళ్లు గట్టిగా మూసుకున్నాను. “కదలకు తల్లీ, కాలికి గుచ్చుకుంటాయి” అన్నాడు నాన్న, జాకీతో మాట్లాడే గొంతుతో. అంతకుముందు ఆ గొంతుతో నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. కోపంలో నేనూ నాన్న కూతుర్నే. అయినా మా పిల్లలు ఏదైనా పగలగొడితే, ముందు వాళ్ల కాళ్లే చూస్తాను.