కంబళి మీద ఆడిన సన్నదోమలు

నేను ఆదోనిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన కౌతాళం దగ్గర మా ఊళ్లోనే గొర్రెలు మేపేవాడు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లో నల్ల కంబళి పరుచుకుని కూర్చుని ఉండేవాడు. ఆయన తల పైన కుట్టని సన్నదోమలు గుంపుకట్టి ఆడుతుండేవి. కాలువ పక్క ఊరు కదా, వాటికి కొదవ లేదు.

"సూడు, నన్ను సూసేకే వచ్చినాయి," అనేవాడు.

నాకు ఒళ్లు మండేది. పాఠం చెప్పందే ఊరుకునే మనిషిని కాను. మా వాకిట్లో పరిచిన తెల్లటి బండల మీద నల్లటి మచ్చ కనబడితే చాలు, ఈ దోమలు దాని పైన చేరతాయి. ఆ గుంపుకు పెద్ద ఎవరూ ఉండరు. ఒక్కోటి తన ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది. కానీ నడుమ నుంచి ఎంత దూరం పోతే అంత గట్టిగా, స్ప్రింగుకు కట్టినట్టు, వెనక్కి వస్తుంది. ఇదంతా చెప్పి, "అవి వచ్చేది కంబళి కోసమప్పా, నీ కోసం కాదు," అనేదాన్ని.

"అట్లయితే నేను లేనప్పుడు పరిసి సూడు టీచరమ్మా. ఒక్కటన్నా వస్తే నన్నడుగు."

పరిచి చూడలేదు. ఆయన లేని సాయంత్రం ఉంటేగా.

పోయిన వానాకాలంలో జ్వరమని పడుకున్నాడు, మళ్లీ లేవలేదు.

మా ఇళ్లల్లో పోయినవాళ్ల కంబళి ఉంచుకోరు. దినాలు అయ్యాక గొర్రెలు కాసే ఇంకొకరి భుజాన వేస్తారు. మా అత్త దాన్ని మడిచి గడప దగ్గర పెట్టింది.

"ఈ ఒక్క సాయంత్రం ఉండనీ అత్తా," అన్నాను.

ఎప్పుడూ పరిచే చోటే పరిచాను. అంచు కూడా తొక్కకుండా దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్కటీ రాకూడదని మొక్కుకున్నాను. ఇన్నేళ్లు చెప్పిన పాఠం తప్పయిపోనీ, ఆయన మాటే నిలవనీ అనుకున్నాను.

పొద్దు వాలింది. ముందు ఒకటి వచ్చింది. చూస్తుండగానే గుంపయింది. ఎవరూ లేని కంబళి పైన, ఎప్పటి ఎత్తులోనే, ఎప్పటిలాగే ఆడాయి. చిరుగాలి తగిలితే ఇంకా దగ్గరికి చేరాయి. పాఠంలో పొల్లు పోలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

మా అత్త బయటికొచ్చి వాటిని చూసి నిలబడిపోయింది.

"వాడు యాడికీ పోలేదమ్మా, ఈడనే ఉండాడు. సూడు, వాన్ని సూసేకే వచ్చినాయి."

పాఠం నోటిదాకా వచ్చింది.

"అవునత్తా," అన్నాను. "ఆయన్ని సూసేకే వచ్చినాయి."