ప్లగ్గు పీకిన ఫర్నేసు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. రామన్నపేట స్టాండులో ఆటో నడుపుతాను. నాకు కిరాయి ఇచ్చేవాళ్లూ మనుషులే, ఎగ్గొట్టేవాళ్లూ మనుషులే. ఇక దయ్యానికి నాతో పనేముంది? ఏడో తరగతిలో బడి మానేసినవాడి మాట అని కొట్టిపారేయకండి. ఇప్పుడు చెప్పేది నా చేత్తో ముట్టి చూసిన సంగతి. బాగా చదువుకున్న ఒక అమ్మాయి కూడా నాతో పాటు ముట్టి చూసింది.

మాది మగ్గం ఇల్లు. బాపు, అంటే మా నాన్న, ఇప్పటికీ నేస్తాడు. నా చెల్లె స్రవంతి మాత్రం నల్లగొండలో ఒక ల్యాబులో రీసెర్చి చేసేది. ఇనుము, సెలీనియం, టెల్లూరియం కలిపి, గాలి తీసేసిన గాజు గొట్టంలో సీలు చేసి, కరెంటు ఫర్నేసులో కరిగించేది. తర్వాత రోజుల తరబడి మెల్లమెల్లగా చల్లార్చేది. అట్లా చల్లారితే పొరలు పొరలుగా స్ఫటికం వస్తుందట. దాన్ని మనం ఊహించలేనంత చలిలో పెడితే, కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుందట.

"పొరలంటే ఉల్లిగడ్డ లెక్కనా?" అని ఒకసారి అడిగాను.

"ఉల్లిగడ్డ గాదన్నా, బాపు మడతపెట్టిన చీరల లెక్క. జర బ్లేడు ఆనిస్తే ఊడొస్తయి."

"కరెంటు జరంత గూడ ఖరాబ్ గాకుండ పోతదా? మన లైన్‌మన్‌కు చెప్పకు, గుండె ఆగి సస్తడు."

పడీపడీ నవ్వింది. ఇనుముకు అయస్కాంతం బుద్ధి ఎక్కువ కాబట్టి, అది కలిస్తే ఈ గుణం చెడిపోతుందని ముందు అందరూ అనుకున్నారట. తీరా చూస్తే ఇందులో ఇనుమే అసలు సరుకు. "నీ అసొంటిదే అన్నా ఇనుము, ఎందుకూ పనికిరాదనుకుంటరు" అని నన్నే ఎత్తిపొడిచింది.

కానీ ఆమెకు ఒక్క స్ఫటికం కూడా సరిగ్గా రాలేదు. గొట్టాలు పగిలేవి. లేదంటే నల్లటి ముద్ద మిగిలేది. దసరా సెలవుల ముందు ఇంకో గొట్టం ఫర్నేసులో పెట్టి, "ఈసారి వస్తదన్నా" అంటూ ఇంటికి వచ్చింది. అప్పటికే ఒళ్లు కాలిపోతోంది. డెంగీ అన్నారు. నా ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా నన్ను తిడుతూ నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు అంబులెన్సులో వచ్చింది. నేను వెనక ఖాళీ ఆటో నడుపుకుంటూ వచ్చాను.

చెల్లెను మట్టిలో పెట్టిన మర్నాడు, ఆమె బ్యాగు తెచ్చుకుందామని బాపు, నేను ల్యాబుకు పోయాం. తాళం తీసిన అటెండరు మా మొహాలు చూడలేక బయటే నిలబడ్డాడు. లోపల మూలకు ఫర్నేసు నడుస్తోంది. దాని మీద అతికించిన కాగితంలో చెల్లె పేరు. బాపు ఆ పేరును కూడబలుక్కుని చదివాడు.

మా ఇండ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే, కర్మ అయ్యేదాకా మగ్గం ఆడదు. ఎంత నేత పని ఉన్నా, ఎవరూ ముట్టరు.

"సావు ఇంట్ల మగ్గం ఆడొద్దు కొడుకా. గిది నా బిడ్డ మగ్గం" అన్నాడు బాపు. స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, వైరును నూలు చుట్టినట్టు చుట్టి, ముడి వేసి, గోడ మేకుకు తగిలించాడు.

చెల్లెతో పనిచేసే నసీమా సెలవులకు మక్తల్ పోయింది. కబురు తెలిసి మా ఇంటికి వచ్చింది. చెల్లె లాగే ఆమె కూడా బాపును బాపూ అనే పిలిచేది. ఏడ్చి ఏడ్చి, చివరికి నన్ను అడిగింది. "ఫర్నేసు నడుస్తనే ఉన్నది గదా అన్నా? అది మెల్లగ సల్లారాలె. నడుమ ఆగిపోతే మొత్తం పాడైతది."

నేను సైగ చేసేలోపే బాపు విన్నాడు.

"అయితే నేనే ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

నసీమాకు అబద్ధం చెప్పడం రాలేదు. ఆ రోజు నుంచి బాపు కంచం ముందు కూర్చునేవాడు, తినకుండానే లేచేవాడు. బిడ్డ పోయినందుకు ఏడ్చాడు గానీ, బిడ్డ చివరి పనిని తన చేత్తో చెడగొట్టినందుకు ఏడుపు కూడా రాలేదు ఆయనకు. కర్మ అయిపోయింది. మగ్గం మొదలుపెట్టమని అందరూ చెప్పారు. బాపు మగ్గం గుంతలోకి దిగలేదు.

"ఒక్కసారి గా గొట్టం సూస్త. ఎంత పాడైందో నా కండ్లతోని సూస్త" అన్నాడు.

నసీమాను వెంటబెట్టుకుని పట్టపగలు ల్యాబుకు పోయాం. మేం వచ్చి పోయాక తాళం తీయలేదని అటెండరు చెప్పాడు. వైరు మేకుకే వేలాడుతోంది, బాపు వేసిన ముడి అట్లాగే ఉంది. ముడి మీద దుమ్ము పేరుకుంది.

నసీమా ఫర్నేసు తలుపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. "అన్నా, జర ముట్టి సూడు."

వెచ్చగా ఉంది. ఇటుకలు మందం కాబట్టి వేడి ఒకటి రెండు రోజులు నిలుస్తుందేమో గానీ ఇన్ని రోజులు నిలవదంది నసీమా. అక్కడ ఎండ పడదు. పక్కనున్న ఇంకో ఫర్నేసును ముట్టి చూశాం, చల్లగా ఉంది. గొట్టం పగలలేదు. నసీమా దాన్ని తీసి బాపు అరచేతిలో పెట్టింది. నేనూ ముట్టుకున్నాను. జ్వరమొచ్చిన నుదురంత వేడి.

పగలగొడితే వచ్చింది ముద్ద కాదు, తళతళలాడే ముక్క. నసీమా బ్లేడు ఆనించగానే పొర ఊడి వచ్చింది. దాని కింద అద్దంలా మెరిసే ఇంకో పొర.

ఆ ముక్కను హైదరాబాదులో పరీక్ష చేయించారు. చల్లబరుస్తూ పోతే ఒకచోట కరెంటుకు అడ్డు సున్నాకు పడిపోయిందట. స్రవంతి చేసిన వాటిలో సరిగ్గా వచ్చింది అదొక్కటేనని నసీమా ఫోనులో వెక్కివెక్కి ఏడ్చింది. తొందరగా చల్లారినా ఒక్కోసారి చిన్న స్ఫటికం రావచ్చని వాళ్ల సారు అన్నారట. ఆ వేడికి మాత్రం నేను తోచిన కారణాలన్నీ వెతికాను. ఒక్కటీ కుదరలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. నా చెల్లెను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

ఫోను పెట్టేసి బాపు దగ్గరికి ఉరికాను, ఇవాళైనా నాలుగు మెతుకులు తింటాడని.

"బాపూ, నువ్వేం ఖరాబ్ చెయ్యలె. మంచిగొచ్చిందట."

బాపు నా మొహంలోకి చూశాడు.

"అయితే గన్ని దినాలు ఆడనే ఉన్నదా బిడ్డ? ఒక్కతే?"

నేను అన్నం కంచం ఆయన ముందు పెట్టాను.

"పనైపోయె గదరా. ఇగ ఇంటికొస్తదా?"

ఆ ఫర్నేసు ఎందుకు వెచ్చగా ఉందో నాకు తెలియదు. బాపుకు ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు.