సగం వీసా

కామారెడ్డి ఫంక్షన్ హాల్లో, పెళ్లికొచ్చిన ఒకావిడకు తెరమీద తల మాత్రమే ఉంది. వెనకున్న ఆకుపచ్చ గుడ్డను మాయం చేసి మంచుకొండలు పెడుతున్న స్విచ్చర్ అనే వీడియో మిషన్, ఆమె ఆకుపచ్చ చీరనూ మాయం చేసింది. మిషన్ దగ్గరి అమ్మాయి నీలం గుడ్డ కట్టించి మీట తిప్పింది. రెండు నిమిషాల పని.

మా అమ్మకు ఆ రెండు నిమిషాలు దొరకలేదు. నాకప్పుడు ఆరేళ్లు. దుబాయి నుంచి బాపు పంపిన ఆకుపచ్చ చీర కట్టుకొని, ఆ పూట బీడీలు చుట్టడం మానుకొని, బాపుకు వీడియో పంపాలని నన్ను ఎల్లారెడ్డి స్టూడియోకు తీసుకుపోయింది. తెరమీద మా వెనక దుబాయి వచ్చింది. ఎర్ర గౌనులో నేను నిండుగా ఉన్నాను. అమ్మ తల, చేతులు మేడల మధ్య తేలుతున్నాయి.

మిషన్ వీసా ఉన్నవాళ్లనే చూపిస్తుందనుకున్నాను.

"అమ్మా, నీకు సగం వీసానే వచ్చింది!"

అందరూ నవ్వారు, అమ్మ తప్ప.

స్టూడియో అతను ఎంత తిప్పినా చీర వస్తే దుబాయి పోయింది, దుబాయి వస్తే చీర పోయింది.

"అక్కా, శాలువ కప్పుకో, అయిపోతది."

"చీర కనవడాలె తమ్మీ. ఆయన పంపిండు."

"గట్లయితే దుబాయి రాదు."

నాకు దుబాయే కావాలని ఏడ్చాను. అమ్మ మెడ దాకా శాలువ కప్పుకుంది.

క్యాసెట్ చూసి బాపు ఫోన్ చేశాడు. అమ్మ పక్కనే చెవి ఆనించి విన్నాను.

"చీర కట్టుకోలేదేంది?"

"కట్టుకున్న. మిషన్ల పడలే."

"అబద్ధాలు చెప్పకు. పాపకియ్యి."

అమ్మ నావైపు చూస్తూ ఫోన్ ఇచ్చింది. ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే. దుబాయిలో నేనెంత బాగున్నానో బాపుకు చెప్పాను.

ఆ తర్వాత బాపు సబ్బులు పంపాడు, దుప్పట్లు పంపాడు. చీర పంపలేదు.